మామిడి ఐస్‌లో స్పూను ఎందుకు దిగలేదు

స్టీలు డబ్బా మూత తీసి మా మేనకోడలు స్పూను గుచ్చింది. దిగలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కితే స్పూను మెడ దగ్గర వంగింది. మే నెల, తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీది ఇల్లు, మధ్యాహ్నం మూడు గంటలు. పొద్దుటి నుంచి ఆ పిల్ల ఎదురుచూసింది ఈ డబ్బా కోసమే. రెండు బేనీషా (బంగినపల్లి) మామిడి పండ్లు కోసి, పాలు పోసి, మిక్సీ పట్టి, రాత్రి తనే ఫ్రీజర్‌లో పెట్టుకుంది. పక్కనే కొని తెచ్చిన ఐస్‌క్రీమ్ డబ్బా ఉంది. అందులో మాత్రం స్పూను హాయిగా దిగింది.

"అత్తా, రెండూ ఒకే ఫ్రీజర్‌లో ఉన్నాయి కదా. ఇదొక్కటే రాయి ఎందుకయింది?"

"మన దగ్గర మెషీన్ లేదు కదమ్మా" అని చెప్పేస్తే సరిపోయేది. చాలా ఇళ్ళలో ఆ మాటతోనే ప్రయత్నం ఆగిపోతుంది. అది సగం జవాబే. మెషీన్ చేసే పనేమిటో తెలిస్తే అదే పనిని గరిటెతోనో, మిక్సీతోనో, పొయ్యి మీదనో చేసుకోవచ్చు. పండూ పాలూ పంచదారా ఏ వంటలోనైనా ఒకటే. ఇక్కడ మనం చూసుకోవాల్సింది నీళ్ళని.

నీళ్ళు ఒక్కసారిగా గడ్డకట్టవు

పాలు చూడ్డానికి తెల్లగా, చిక్కగా ఉంటాయి గానీ ఆవు పాలల్లో నూటికి 87 పాళ్ళు నీళ్ళే. గేదె పాలల్లో 83 దాకా ఉంటాయి. మామిడి గుజ్జులో కూడా 80కి పైనే. కాబట్టి మా పిల్ల ఫ్రీజర్‌లో పెట్టింది ముప్పాతిక పైగా నీళ్ళున్న డబ్బా.

ఉత్త నీళ్ళయితే సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. ఏదైనా కరిగి ఉంటే ఇంకా చల్లబడాలి. పాలల్లో సహజంగా ఉండే చక్కెర, లవణాల వల్ల అవి మైనస్ 0.5 దగ్గర మొదలుపెడతాయి. పాలల్లో నీళ్ళు కలిపారేమో కనిపెట్టే పరీక్షల్లో ఒకటి దీనిమీదే ఆధారపడింది. నీళ్ళు కలిస్తే ఆ అంకె సున్నా వైపు జరుగుతుంది. ఇక పంచదార సంగతి. కిలో నీళ్ళలో 342 గ్రాములు కరిగిస్తే గడ్డకట్టే ఉష్ణోగ్రత 1.86 డిగ్రీలు దిగుతుంది. రెండు డిగ్రీలు కూడా లేదు. ఫ్రీజర్ మైనస్ 18లో ఉంటే ఈ తేడా ఏ మూలకు వస్తుంది అనిపిస్తుంది.

అసలు కిటుకు అక్కడే ఉంది. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు పంచదారను తమలోకి రానివ్వవు, పక్కకు తోసేస్తాయి. కాస్త నీళ్ళు గడ్డయ్యాక మిగిలిన నీళ్ళలో తీపి పెరుగుతుంది. తీపి పెరిగిన పాకం గడ్డకట్టాలంటే ఇంకా చల్లబడాలి. చల్లబడితే ఇంకొన్ని నీళ్ళు గడ్డవుతాయి, మిగిలిన పాకం ఇంకా చిక్కబడుతుంది. ఇలా సాగుతూ మైనస్ 18కి వచ్చేసరికి సరిగ్గా కుదిరిన ఐస్‌క్రీమ్‌లో సుమారు నూటికి 75 పాళ్ళ నీళ్ళే గడ్డకడతాయి. మిగతాది చిక్కటి పాకంగా ఐస్ పలుకుల మధ్య ఉండిపోతుంది. స్పూను దిగేది ఆ పాకం వల్లే. పండు తియ్యగా ఉంది కదా అని మా పిల్ల నాలుగు చిన్న స్పూన్ల పంచదారతో సరిపెట్టింది. పాకంగా మిగలడానికి అది చాలలేదు. నీళ్ళల్లో చాలా ఎక్కువ భాగం గడ్డకట్టింది.

అందుకే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఫ్రీజర్‌లో పెట్టేముందు రుచి చూస్తే తీపి కొంచెం ఎక్కువైంది అనిపించాలి. చల్లదనంలో నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి తినేటప్పుడు అది సరిపోతుంది.

పలుకుల సైజు ఇంకో సంగతి. అన్నం ఉడక్కపోతే పలుకుగా ఉంది అంటాం, ఐస్‌లో కూడా అంతే. మంచి ఐస్‌క్రీమ్‌లో ఐస్ పలుకులు 20 నుంచి 50 మైక్రాన్ల మధ్య ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 50 దాటితే నాలుకకు గరగర తెలియడం మొదలవుతుంది. చల్లబడటం నెమ్మదిగా జరిగితే కొద్దిపాటి పలుకులు పుట్టి, అవే పెద్దవవుతాయి. త్వరగా చల్లబడితే లెక్కలేనన్ని పుట్టి, దేనికీ పెరిగే చోటు ఉండదు.

మెషీన్ చేసేది ఈ రెండు పనులే. బాగా చల్లటి గోడకు మిశ్రమాన్ని తగిలించి త్వరగా గడ్డకట్టిస్తుంది. గోడకు అంటుకున్న పొరను గీకుతూ, పలుకులను పెద్దవి కానీయకుండా కలుపుతుంది. కలిపేటప్పుడు గాలి కూడా చేరుతుంది. ఈ గాలి చిన్న విషయం కాదు. మన దేశంలో ఐస్‌క్రీమ్ లీటరు బరువు కనీసం 525 గ్రాములు ఉండాలన్నది నిబంధన. అంటే కొన్న లీటరు డబ్బాలో సగం దాకా గాలి ఉండొచ్చు. మా ఇంట్లో ఆ రెండు డబ్బాల తేడాలో పంచదారది ఒక వాటా, పలుకుల సైజుది ఒక వాటా, గాలిది ఒక వాటా.

ఇంకో మాట. కొన్న డబ్బా మీద "ఐస్‌క్రీమ్" అని ఉందో "ఫ్రోజెన్ డెజర్ట్" అని ఉందో చూడండి. ఐస్‌క్రీమ్ అని రాయాలంటే అందులో పాల కొవ్వు 10 శాతం తగ్గకూడదు. పాల కొవ్వుకు బదులు వంటనూనెల కొవ్వు వాడితే ఫ్రోజెన్ డెజర్ట్ అనాలి. ఇంట్లో పాలు కాచి చేసుకునేవాళ్ళకు ఆ తేడా మొదటి స్పూనుకే తెలుస్తుంది.

నీళ్ళను పొయ్యి మీదే పంపించేయడం

పలుకులు కట్టేది నీళ్ళు కదా. ఆ నీళ్ళే తగ్గిస్తే? కుల్ఫీ చేసేవాళ్ళు ఏనాడో కనిపెట్టిన దారి ఇది. కలపక్కర్లేదు, గాలి అక్కర్లేదు. నా మటుకు నాకు మెషీన్ లేని ఇంట్లో దీన్ని మించింది లేదు. మన చిత్తూరు, తిరుపతి వైపు పాలకు కొదవ లేదు, పాలు కాచి చిక్కబెట్టడం అమ్మలందరికీ చేతనైన పని.

లెక్క చూడండి. ఫుల్ క్రీమ్ పాల ప్యాకెట్‌లో కనీసం 6 శాతం కొవ్వు, 9 శాతం మిగతా ఘనపదార్థాలు ఉండాలి. లీటరు పాలల్లో కొవ్వు 60 గ్రాములు, మిగతావి 90 గ్రాములు, పోగా సుమారు 870 గ్రాములు నీళ్ళు. ఆ లీటరును సగానికి కొంచెం తక్కువగా, 450 మిల్లీలీటర్లకు కాచితే నీళ్ళు సుమారు 320 గ్రాములకు దిగుతాయి. దానికి 70, 75 గ్రాముల పంచదార కలపండి, పెద్ద స్పూనుతో తలకొట్టి ఆరు. మొత్తంలో నీళ్ళు 60 శాతం లోపుకు, కొవ్వు 11, 12 శాతానికి వచ్చేస్తాయి. టోన్డ్ పాలల్లో కొవ్వు 3 శాతమే కాబట్టి ఈ లెక్క కుదరదు, కుల్ఫీ చప్పగా, ఐస్‌గా వస్తుంది. చేను ఉన్నవాళ్ళు గేదె పాలతో చేసుకుంటే ఇంకా మేలు. పుంగనూరు ఆవు పాలకు కొవ్వు ఎక్కువని పేరుంది గానీ అవి దొరికే ఇళ్ళు ఇప్పుడు చాలా తక్కువ.

కాచేటప్పుడు వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న గిన్నె పెట్టుకోండి. లోతైన తపేలాలో గంటన్నర పట్టేది ఇందులో ముప్పావు గంటకు అవుతుంది. మొదటి పావుగంట పెద్దగా పని ఉండదు. పాలు సగానికి వచ్చేటప్పుడు గరిటె వదలకూడదు. అప్పుడు బుడగల తీరు మారుతుంది. అంతవరకు నురగలా పొంగినవి, చిన్నగా టప్ టప్‌మని పేలుతుంటాయి. అంచుకు కట్టిన మీగడను గీకి మళ్ళీ పాలల్లోకి నెట్టండి. రంగు లేత గోధుమకు తిరిగి, గరిటె వెనక వేలితో గీస్తే గీత ఒక్క క్షణం నిలిచి మూసుకుందంటే దించేయాలి.

ఇంకా చిక్కబడితే ఇంకా బాగుంటుంది కదా అని పాలకోవా దాకా తీసుకెళ్ళకండి. అక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. పాలల్లో సహజంగా ఉండే చక్కెర, లాక్టోస్, పంచదారలా సులువుగా కరిగేది కాదు. నీళ్ళు మరీ తగ్గితే అది ఫ్రీజర్‌లో సన్నటి గింజలు కడుతుంది. కుల్ఫీ గరగరలాడితే ఏది కారణమో నోట్లోనే తేల్చుకోవచ్చు. ఐస్ పలుకైతే నాలుక మీద రెండు క్షణాల్లో కరిగి నీళ్ళవుతుంది. లాక్టోస్ గింజైతే చుట్టూ ఉన్నదంతా కరిగిపోయాక కూడా ఇసుకలా మిగులుతుంది. మొదటిది కనిపిస్తే ఈసారి ఇంకొంచెం కాచండి, రెండోది కనిపిస్తే కాచడం తగ్గించండి. రెండూ ఒకేలా అనిపించి ఒకే మందు వేస్తే ఎప్పటికీ కుదరదు.

బెల్లంతో చేయాలనుకుంటే, చిత్తూరు బెల్లం చేతిలో ఉన్నప్పుడు అనిపించడం సహజమే, పాలు పూర్తిగా చల్లారాకే బెల్లం పాకం వడగట్టి కలపండి. వేడి పాలల్లో వేస్తే విరిగిపోయే ప్రమాదం ఉంది. పంచదారతో పోలిస్తే బెల్లం కుల్ఫీ కొంచెం మెత్తగా ఉంటుంది. బెల్లంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. వాటి అణువులు పంచదార అణువులో సగం సైజు. అదే బరువుకు రెట్టింపు అణువులు వస్తాయి కాబట్టి గడ్డకట్టే ఉష్ణోగ్రతను పంచదార కంటే దాదాపు రెట్టింపు దించుతాయి.

కాచిన పాలను వెంటనే ఫ్రీజర్‌లో పెట్టొద్దు. చల్లారాక నాలుగైదు గంటలు మామూలు ఫ్రిజ్‌లో ఉంచండి. కొవ్వు గట్టిపడుతుంది, పాల ప్రొటీన్లు నీళ్ళను పట్టుకుంటాయి. ఆ తర్వాత చిన్న స్టీలు గ్లాసుల్లో పోసి, పైన ఫాయిల్ కట్టి, నడుమ పుల్ల గుచ్చితే చాలు. అచ్చులు కొనక్కర్లేదు.

సేమియా ఐస్ ఎందుకు మెత్తగా ఉండేది

చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు గంట కొట్టుకుంటూ ఐస్ బండి వచ్చేది. రంగు పుల్ల ఐస్ చీకితే రంగూ తీపీ నోట్లోకి వచ్చేసి, చివరికి తెల్లటి ఐస్ ముక్క మిగిలేది. పలుకుల మధ్య ఉన్న పాకాన్ని మనం పీల్చేశాం, గడ్డ మిగిలింది. సేమియా ఐస్ అలా కాదు, కొరికితే మెత్తగా తెగేది. సేమియా ఉడికినప్పుడు దాని పిండి పాలల్లోకి దిగుతుంది. ఆ పిండి నీళ్ళను చిక్కగా పట్టుకుంటుంది, నీళ్ళు కదల్లేకపోతే పలుకులు పెరగవు.

పాలు అంతసేపు కాచే తీరిక లేనివాళ్ళకు ఇదే ఉపాయం. అర లీటరు పాలకు రెండు చిన్న స్పూన్ల కార్న్‌ఫ్లోర్ చల్లటి పాలల్లో కలిపి, మరుగుతున్న పాలల్లో పోసి, పచ్చివాసన పోయేదాకా రెండు మూడు నిమిషాలు ఉడికించండి. ఎక్కువ వేస్తే గంజి రుచి వస్తుంది. రెండు పెద్ద స్పూన్ల పాలపొడి కూడా కలిపితే నీళ్ళ వాటా తగ్గి ఇంకా బాగుంటుంది. కేక్ సామాను షాపుల్లో జీఎంఎస్, సీఎంసీ పొడులు అమ్ముతారు. అవీ ఇలాంటి పనే చేస్తాయి. సీఎంసీ నీళ్ళను పట్టుకుంటుంది, జీఎంఎస్ కొవ్వునీ నీళ్ళనీ కలిపి ఉంచి, బీటర్‌తో గిలక్కొట్టినప్పుడు గాలి నిలిచేలా చేస్తుంది. తప్పు లేదు గానీ కుల్ఫీకి వాటి అవసరం నాకు ఎప్పుడూ పడలేదు.

మామిడికి మిక్సీ

పండ్ల రసాన్ని పాలలా కాచలేం, కాస్తే పండు వాసన పోయి జామ్ అవుతుంది. కాబట్టి ఇక్కడ నీళ్ళు ఉండనే ఉంటాయి. పలుకులు కట్టనిచ్చి, తర్వాత వాటిని విరగ్గొట్టాలి. అందుకు మన మిక్సీ చాలు.

తీపి లెక్క ముందు చూసుకోవాలి. పండ్ల ఐస్‌లో మొత్తం తీపి 25 నుంచి 30 శాతం ఉంటే స్పూను దిగుతుంది. మామిడి గుజ్జులో సహజంగా 14 నుంచి 18 శాతం ఉంటుంది. అర కిలో గుజ్జులో 80 గ్రాములు ఉన్నాయనుకుంటే, 70 గ్రాముల పంచదార కలిపితే 570 గ్రాముల్లో 150 అయింది, అంటే 26 శాతం. అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేయండి, లేకపోతే తీపి మొహం మొత్తుతుంది.

పండు విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. అందరూ బేనీషా అంటారు. నేను సగం బేనీషా, సగం బాగా పండిన తోతాపురి కలుపుతాను. తోతాపురిలో ఉండే పులుపు చల్లదనంలో కూడా నిలబడుతుంది. మన చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలు నడిచేదే ఆ కాయ మీద. 2025లో దాని ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు సాయం ఇవ్వాల్సి వచ్చింది. దామలచెరువు మామిడి మార్కెట్ వైపు వెళ్ళినప్పుడు ఒక బుట్ట ఎక్కువ తెచ్చుకుని గుజ్జు తీసి ఫ్రీజర్‌లో దాచుకుంటే ఆగస్టులో కూడా పనికొస్తుంది.

ఇక పద్ధతి. తీపి కలిపిన గుజ్జును ఐస్ ట్రేల్లో గానీ, స్టీలు పళ్ళెంలో వేలి మందం పొరగా గానీ పోసి ఆరేడు గంటలు గడ్డకట్టనివ్వండి. మిక్సీ జార్‌ను కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ముక్కలు బయటికి తీసి ఐదు నిమిషాలు ఆగి, జార్‌లో సగానికి మించకుండా వేసి, ఒక్కో క్షణం తిప్పి ఆపుతూ నాలుగైదుసార్లు తిప్పండి. ఏకబిగిన తిప్పితే మోటారు వేడెక్కుతుంది, ఐస్ కరుగుతుంది. మొదట పొడిలా అవుతుంది, ఇంకా కాసేపటికి ముద్దగా, మెరుపుతో తిరుగుతుంది. మెరుపు వచ్చిన క్షణమే ఆపి, చల్లటి డబ్బాలోకి ఎత్తి మళ్ళీ రెండు గంటలు పెట్టండి. మిక్సీ లేకపోతే పళ్ళెంలోనే అరగంటకోసారి ఫోర్కుతో అంచులు గీకి కలపడం ఒకటే దారి, నాలుగుసార్లు కలపాలి. సీతాఫలం గుజ్జుకూ ఇదే వరస. అరటిపండుకైతే ఏదీ అక్కర్లేదు. మాగిన పండు ముక్కలు గడ్డకట్టించి మిక్సీ పడితే చాలు, దానిలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం వల్ల అదే వెన్నలా వస్తుంది.

మీగడ, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి చేసే పద్ధతి అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క జాగ్రత్త చెప్తాను. టెట్రా ప్యాక్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే ఉంటుంది, ఎంత గిలక్కొట్టినా గాలి నిలవదు. 30 శాతం దాటిన విప్పింగ్ క్రీమ్ కావాలి, అదీ గిన్నెతో సహా బాగా చల్లగా ఉండాలి. తిరుపతి ఎండలో ఫ్యాన్ కింద గిలక్కొడితే వెన్న విడిపోతుంది.

ఫ్రీజర్ అంతంతమాత్రమైతే

సింగిల్ డోర్ ఫ్రిజ్‌ల్లో పై అర మైనస్ 18 దాకా వెళ్ళకపోవచ్చు. తలుపు మీద ఉన్న స్టార్లు చూసి భరోసా పడొద్దు, అవి కరెంటు ఖర్చు తెలిపేవి, చలి తెలిపేవి కావు. ముందురోజు రాత్రే డయల్ పూర్తి చల్లదనానికి తిప్పి, మందంగా పేరుకున్న మంచు కరిగించి, డబ్బాను ఫ్రీజర్ అడుగు లోహానికి నేరుగా తగిలేలా పెట్టండి. ప్లాస్టిక్ కంటే స్టీలు, స్టీలు కంటే అల్యూమినియం వేడిని త్వరగా బయటికి పంపిస్తాయి. లోతైన డబ్బా కంటే పరుచుకున్న పళ్ళెం నయం. పదేపదే తలుపు తీసినా, కరెంటు పోయి వచ్చినా చిన్న పలుకులు కరిగి, పెద్దవాటి మీద మళ్ళీ గడ్డకడతాయి. బాగా కుదిరిన ఐస్ కూడా వారానికి గరగరలాడేది అందుకే. డబ్బాలో ఐస్ పైభాగానికి అంటుకునేలా ప్లాస్టిక్ కవరు కప్పి, నాలుగు రోజుల్లో తినేయడం మంచిది.

ఫ్రీజర్ లేకుండా కూడా ఒక దారి ఉంది. మూడు కిలోల ఐస్ ముక్కలకు కిలో కల్లుప్పు. ఉప్పు తగిలితే ఐస్ కరగడం మొదలవుతుంది. కరగడానికి వేడి కావాలి, కిలో ఐస్‌కు 80 కిలోకేలరీలు. ఆ వేడిని చుట్టుపక్కల నుంచే లాక్కుంటుంది. అలా ఆ నీళ్ళు మైనస్ 21 దాకా దిగగలవు, ఇంటి ఫ్రీజర్ కంటే చల్లగా. అమెరికాలో నాన్సీ జాన్సన్ 1843లో పేటెంట్ తీసుకున్న చేతి మెషీన్ ఈ ఉప్పు ఐస్ మీదే నడిచింది. ఇటు మనకు దగ్గర్లో, మద్రాసు సముద్రపు ఒడ్డున 1842లో కట్టిన ఐస్ హౌస్‌లో అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన ఐస్ గడ్డలు దాచేవాళ్ళు. ఆ కట్టడం ఇప్పటికీ మెరీనా ఎదురుగా ఉంది.

బకెట్‌లో ఐస్, ఉప్పు పొరలు పొరలుగా వేసి, నడుమ మూత ఉన్న స్టీలు క్యాన్‌లో అర లీటరు చల్లటి మిశ్రమం పోసి దించండి. బకెట్ చుట్టూ తడి లేని గోనె సంచి చుట్టండి. క్యాన్‌ను చేత్తో తిప్పుతూ, రెండు నిమిషాలకోసారి మూత తీసి చెక్క గరిటెతో గోడలు గీకుతుంటే అరగంటలోపు ముద్ద కడుతుంది. మూత తీసేముందు దానిమీది ఉప్పునీళ్ళు తుడవాలి. ఆ నీళ్ళలో వట్టి చేతులు పెట్టొద్దు, చర్మం కాలినట్టవుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి. మార్కెట్‌లో కొన్న ఐస్ గడ్డ క్యాన్ బయటికే, లోపలికి ఒక్క ముక్క కూడా వేయకూడదు. ఫ్రీజర్ చలికి క్రిములు చావవు, నిద్రపోతాయంతే. అందుకే పాలు ఎప్పుడూ మరిగించినవే వాడాలి.

ఆ రోజు మా పిల్ల డబ్బా పారేయలేదు. వేడి నీళ్ళలో డబ్బా అడుగు ఒక్క నిమిషం ముంచి, గడ్డను పళ్ళెంలోకి దొర్లించి, కత్తితో ముక్కలు కొట్టాం. ఐదు పెద్ద స్పూన్ల పంచదారను కొంచెం పాలల్లో వెచ్చచేసి కరిగించి, చల్లార్చి, రెండు స్పూన్ల పాలపొడితో సహా మిక్సీలో ముక్కల మీద పోశాం. ఆపి ఆపి ఆరుసార్లు తిప్పేసరికి మెరుపు వచ్చింది. ఈసారి పళ్ళెంలో పలచగా పరిచి పెట్టింది. సాయంత్రం ఆరింటికి తీసి, వంగిన స్పూనునే చేత్తో సరిచేసుకుని గుచ్చింది. దిగింది.